అందెల రవళి – ఆస్తి ప్రశ్న

ఈ మధ్య గిరిజన జీవితం మీద వస్తున్న కవితలూ, కథలూ వరసబెట్టి చదివాక నాకొక అనుమానం పట్టుకుంది. భద్రాచలం అడవి గురించి రాయడానికి కూర్చున్న ప్రతి కవికీ ముందుగా కోయపిల్ల కాలి గజ్జెలే వినిపిస్తున్నాయి. కొందరికవి సెలయేటి గలగలలు. కొందరికి వెన్నెల రాత్రి పిలుపు. కవి అభ్యుదయవాది అయితే చివరి చరణంలో అవి డోలు మోతగా మారతాయి. కాకపోతే ఘల్లుమన్న చోటే ఆగిపోతాయి. తేడా అంతే. ఆ కాలికి ఉన్నది వెండా, ఇత్తడా, జర్మన్ సిల్వరా? పుట్టింటివాళ్ళు పెట్టిందా, పెళ్ళికొడుకు వైపువాళ్ళు పెట్టిందా? ఈ వానాకాలంలో అది ఆమె కాలికే ఉందా, షావుకారి ఇనప్పెట్టెలో ఉందా? నేను చదివిన వాటిలో ఈ ప్రశ్నలు వేసిన రచన కనిపించలేదు.

ఇంత చిన్న వస్తువు మీద ఇంత చర్చ దేనికని మిత్రులు అడగవచ్చు. వస్తువు చిన్నదే. కాని ఒక వస్తువును వాడుకునే తీరులో రచయిత దృక్పథం బయటపడినంతగా అతని ప్రకటనల్లో బయటపడదు. శ్రమజీవుల పక్షాన ఉన్నానని పది పీఠికలు రాసుకున్న కవి, శ్రమచేసే స్త్రీ కాలి నగ దగ్గరికి వచ్చేసరికి ప్రబంధకవి చెవితోనే వింటున్నాడంటే, అతని అభ్యుదయం ఎంతవరకు వచ్చిందో తెలిసిపోతుంది. కాలినగకు మన సమాజం ఏయే అర్థాలు అంటగట్టిందో పరిశీలించి, వాటిలో ఖమ్మం–భద్రాచలం అడవి అంచున నిజంగా పనిచేస్తున్న అర్థమేదో తేల్చుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్ల గందరగోళం

మన కవులు అందె, గజ్జె, మువ్వ, కడియం, పట్టీ అన్నిటినీ కలిపి ఒకే నగ చేసేశారు. ఇవి వేరువేరు వస్తువులు. లోపల బోలుగా ఉండి, గుళ్ళు పోసి ఉంటే అందె మోగుతుంది. గజ్జె అంటే చిన్న చిన్న గంటల వరస. దాన్ని తోలుపట్టీకో తాడుకో గుచ్చి ఆటగాళ్ళు కడతారు. పట్టీలు, తెలంగాణలో పట్టగొలుసులు, పలచని గొలుసులు. అక్కడక్కడ రెండు మువ్వలుంటే ఉంటాయి. కడియం ఇవేవీ కాదు. పోతపోసిన కడియం మోగదు. ఒక కాలికి రెండుంటే ఒకదానికొకటి తగిలి టక్కుమంటాయి తప్ప ఘల్లుమనవు.

పాత తరం కోయ, లంబాడీ స్త్రీల కాళ్ళకు మనం చూసినవి ఎక్కువగా బరువైన కడియాలు. వాటికి ఘల్లుఘల్లులు అంటగట్టిన కవి విన్నది ఆ కాళ్ళను కాదు, సినిమాను. కోయల కొమ్ము ఆటలో మగవాళ్ళు అడవిదున్న కొమ్ముల తలపాగాతో డోళ్ళు వాయిస్తారు, ఆడవాళ్ళు చేతులు కలుపుకుని వలయంగా అడుగులు వేస్తారు. ఆ ఆటను నడిపేది డోలు. సరిహద్దుకు అవతల బస్తరులో దండామి మాడియా స్త్రీలు ఇనపగజ్జెలున్న కర్ర పట్టుకుని, దాన్ని నేలకు మోదుతూ ఆడతారు. అక్కడ గజ్జె కాలికి కాదు, చేతికర్రకు ఉంటుంది. ఈ వివరాలు తెలియకపోవడం నేరం కాదు. తెలుసుకోకుండానే ఆ జీవితానికి ప్రతినిధిగా మాట్లాడటం మాత్రం సాహిత్యంలో నేరమే.

మగవాడి అందె, ఆడదాని అందె

కాలినగ స్త్రీలదేనని మనం అనుకుంటాం. మన సాహిత్య చరిత్రలో అన్నిటికంటే పేరుమోసిన కాలినగ మగవాడిది. అల్లసాని పెద్దన కాలికి శ్రీకృష్ణదేవరాయలు స్వయంగా గండపెండేరం తొడిగాడని ఐతిహ్యం. గండపెండేరం వీరులకూ, పండితులకూ బిరుదుగా ఇచ్చే అందె. ఇరవయ్యో శతాబ్దంలో కూడా సభలు చేసి కవుల కాళ్ళకు దాన్ని తొడిగారు. దాన్ని తొడుక్కున్న కవి నడకను ఎవరూ హంసతో పోల్చలేదు. అతని పాదం ఎర్రగా ఉందనీ, చిగురుటాకులా ఉందనీ ఎవరూ పద్యాలు చెప్పలేదు. ఆ అందెకు అర్థం పాండిత్యం, అధికారం. అదే ఆకారం స్త్రీ కాలికి వస్తే దాని అర్థం నడక, సిగ్గు, శృంగారం. వెండి ఒకటే, కాలు ఒకటే, మారింది సమాజంలో ఆ మనిషి స్థానం. అందుకని నగకు దానంతటదిగా అర్థముంటుందన్న వాదం మొదటి అడుగులోనే కూలిపోతుంది.

ఇంట్లో స్త్రీ కాలి అందెకు ఇంకొక పని కూడా ఉంది. ఉమ్మడి కుటుంబంలో కోడలు వంటింట్లో ఉందా, పెరట్లో ఉందా, వీధి గడప దాకా వెళ్ళిందా అన్నది అత్తమామలకు కళ్ళతో చూడనక్కరలేకుండా తెలుస్తుంది. చప్పుడు చేసే నగ ముచ్చటా అవుతుంది, కాపలా కూడా అవుతుంది. ప్రబంధకవులు ఆ చప్పుడును అలంకారం చేశారు, భావకవులు దాన్ని స్వప్నం చేశారు. ఆ చప్పుడు ఎవరు వినడానికి ఏర్పాటయిందో అడిగినవాళ్ళు తక్కువ.

భద్రాచలానికి సుమారు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో పర్ణశాల ఉంది. సీతారాములు కాపురమున్నదీ, సీతను రావణుడు ఎత్తుకుపోయిందీ అక్కడేనని స్థానికుల విశ్వాసం. నాసిక్‌వాళ్ళు తమ పంచవటే అంటారు. ఆ తగవు మనకక్కరలేదు. రామాయణంలో కాలినగ ప్రసక్తి వచ్చే ఘట్టం మాత్రం మనకు కావాలి. కిష్కింధలో సుగ్రీవుడు చూపించిన నగల మూటలో తాను కాలి అందెలను మాత్రమే గుర్తుపట్టగలనని లక్ష్మణుడు అంటాడు. రోజూ వదినగారి పాదాలకు మొక్కాడు గనక అవే తెలుసు. తలెత్తి చూడలేదు గనక మిగతావి తెలియవు. ఈ మాటను మన పౌరాణికులు తరతరాలుగా కళ్ళనీళ్ళు పెట్టుకుని చెబుతున్నారు. మంచిదే. కాని ఆ మూట అక్కడికి ఎలా వచ్చింది? రాక్షసుడు ఆకాశాన లాక్కుపోతూండగా కొండమీద అయిదుగురు వానరులను చూసి, వాళ్ళు రాముడికి చెబుతారేమోనన్న ఆశతో, పైబట్టలో నగలు మూటగట్టి పడేసింది సీత. తన జాడకు తన ఆస్తినే సాక్ష్యంగా వాడుకుంది. లక్ష్మణుడి వినయం మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నానో లెక్కలేదు. ఆ స్త్రీ సమయస్ఫూర్తి మీద విన్నవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఒకే నగలో ఒకరు భక్తిని చూశారు, ఇంకొకరు దాన్ని పనిముట్టు చేశారు. మన సంప్రదాయ విమర్శ మొదటిదాన్నే పట్టుకుంది.

తమిళంలో ఇళంగో అడిగళ్ చెప్పిన శిలప్పదికారం కథంతా అందె మీదే నడుస్తుంది. అక్కడ అందె పెట్టుబడి. ఆస్తి పోగొట్టుకున్న కోవలన్ మళ్ళీ వ్యాపారం మొదలుపెట్టడానికి భార్య కాలి అందెను మదురైలో అమ్మబోయి, రాణి అందె దొంగిలించాడన్న అబద్ధపు నిందకు బలవుతాడు. కణ్ణగి రెండో అందెను రాజు ఎదుట పగలగొడుతుంది. రాణి అందెలో ముత్యాలు, ఆమె అందెలో కెంపులు. ఒక స్త్రీ ఆస్తి మీద రాజ్యం చెప్పిన తీర్పు తప్పని అలా రుజువవుతుంది. ఆ కావ్యంలో కూడా అందె చప్పుడు కంటే అందె ఎవరిదన్న ప్రశ్నే కథను నడిపిందని గమనించాలి.

నడుము కింద బంగారం

కాలికి బంగారం పెట్టకూడదని మన ఇళ్ళలో ఇప్పటికీ చెబుతారు. బంగారం లక్ష్మి, పాదానికి తగలకూడదు. దేవతా విగ్రహాలకూ, రాజులకూ ఈ నియమం లేదు. రాజస్థాన్ సంస్థానాల్లో కాలికి బంగారం తొడుక్కునే హక్కును దర్బారు గౌరవంగా ప్రసాదించేది. అంటే నియమం లక్ష్మికి సంబంధించింది కాదు, అంతస్తుకు సంబంధించింది. ఒంటిమీది పై భాగానికి పై లోహం, కింది భాగానికి కింది లోహం. మనుషులను పై కులాలు, కింది కులాలుగా పేర్చిన బుద్ధే ఒంటిని కూడా అదే వరసలో పేర్చింది.

భద్రాచలంలో ఈ సంగతి మరీ స్పష్టంగా కనిపిస్తుంది. గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న గుడి కట్టించి, దేవుళ్ళకు నగలు చేయించి, ఖజానా సొమ్ముకు లెక్క చెప్పలేక చెరసాల పాలయ్యాడన్నది అందరూ ఎరిగిన కథ. ఏ నగ ఎవరికి చేయించిందీ ఆయన ఒక కీర్తనలో రాముడికే లెక్క చెప్పాడు. సీతమ్మకు చింతాకు పతకం, తమ్ముళ్ళలో ఒకరికి మొలతాడు, ఇలా ఆ పట్టిక సాగుతుంది. పరగణా రైతుల దగ్గర వసూలైన సొమ్ము దేవుడి ఒంటిమీద బంగారమైంది. భక్తుడి బాధ నిజమైందే, కవిత్వం గొప్పదే. కాని సొమ్ము ఎక్కడనుంచి వచ్చిందన్న ప్రశ్న ఆ కవిత్వం కింద మాసిపోకూడదు.

అదే గోదావరి అడవిలో, ములుగు వైపు మేడారంలో, రెండేళ్ళకోసారి మాఘపున్నమికి కోయలు తమ సమ్మక్క సారలమ్మలకు జాతర చేస్తారు. అక్కడ విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమభరిణె రూపంలో వస్తుంది. భక్తులు ఎత్తు తూచి ఇచ్చేది బెల్లం. దాన్నే బంగారం అంటారు. నగ లేని దేవత, బెల్లమే బంగారమైన మొక్కు! ఆ కథను డోలి మీద పాడి నిలబెట్టిన మణుగూరు ప్రాంత కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో కన్నుమూశారు. కోయపిల్ల గజ్జెలు వినిపించే మన కవుల్లో ఎందరికి ఆ డోలి వినిపించిందో తెలుసుకోవాలని ఉంది.

నగ విషయంలో కులం రెండు విధాలుగా పనిచేసింది. ఒకచోట పెట్టుకోవద్దంది, ఇంకొకచోట ఇదే పెట్టుకోమంది. 1930 డిసెంబరులో రామనాథపురం జిల్లాలో కళ్ళర్లు ఆదిద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు విధించారు. వెండిబంగారు నగలు పెట్టుకోరాదన్నది వాటిలో మొదటిది. భారతదేశపు కులవ్యవస్థ మీద హట్టన్ రాసిన గ్రంథంలో ఆ పట్టిక ఉంది. దీనికి తలకిందులుగా తిరువాన్కూరు సంస్థానంలో పులయ స్త్రీలు మెడలో రాతిపూసల దండలే వేసుకోవాలి, అది వాళ్ళ కులానికి గుర్తు. 1915లో కొల్లం ప్రాంతంలో అయ్యంకాళి నాయకత్వాన ఆ స్త్రీలు బహిరంగసభలో ఆ దండలు తీసి పారేశారు. 1927 డిసెంబరులో మహాద్ సత్యాగ్రహ సందర్భంలో అంబేద్కర్ దళిత స్త్రీలతో మాట్లాడుతూ, తమ కులాన్ని దూరంనుంచే చాటే బరువు నగలూ, మోచేతుల దాకా కడియాలూ మానెయ్యమన్నాడు. మన తెలంగాణలో దొరల గడీల ముందు కిందికులాలవాళ్ళు చెప్పులు విడిచి చేతపట్టుకుని నడవవలసి వచ్చేది. కాలికి ఏముండాలి, ఏముండకూడదు అన్నది ఆ కాలిది కాని అధికారం నిర్ణయించింది.

ఈ ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. కొల్లంలో నగ తీసెయ్యడం తిరుగుబాటు. రామనాథపురంలో నగ పెట్టుకోవడం తిరుగుబాటు. ఏది అభ్యుదయమో నగను చూసి చెప్పలేం. దాన్ని ఎవరు పెట్టించారు, ఎవరు పెట్టనివ్వలేదు, ఎవరు లాక్కుంటున్నారు అన్నది చూసి చెప్పాలి.

గజ్జె కట్టడం

ఆట గజ్జెకు వేరే చరిత్ర ఉంది. దేవదాసీ కుటుంబాల్లో పిల్లకు గజ్జెపూజ చేశారంటే ఆమె బతుకు ఏ దారి పట్టిందో ఊరికి తెలిసేది. మద్రాసు రాష్ట్రం 1947లో దేవదాసీ అంకితాన్ని నిషేధించింది. అయినా తెలంగాణ జిల్లాల్లో జోగిని ఆచారం కొనసాగితే 1988లో ఆంధ్రప్రదేశ్ మళ్ళీ చట్టం చెయ్యవలసి వచ్చింది. అక్కడ గజ్జె కళ పేరుతో వేసిన ముద్ర.

అదే గజ్జెను ప్రజాకళాకారులు తమ కాలికి కట్టుకున్నారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరా తిప్పింది. కథకుడి కాలికి గజ్జెలు, భుజాన తంబుర, వేళ్ళకు అందెలు. బుర్రకథలో అందెలు కాలికి కాదు, తంబుర మీటే చేతి వేళ్ళకు తొడుగుతారు. లోపల గుళ్ళు పోసిన ఆ బోలు ఉంగరాలే కథకు తాళం. షేక్ నాజర్ ఆ చేతితో పలికించిన లయ మన ముందుతరానికి రాజకీయ పాఠం అయింది. తరవాత వంగపండు, గద్దర్ కూడా గజ్జె కట్టి ఆడి పాడారు. అప్పటిదాకా స్త్రీ నడకకు కాపలా, దేవదాసి బతుకుకు ముద్ర అయిన గజ్జె, జనాన్ని పోగుచేసే వాయిద్యమైంది. వస్తువు మారలేదు, దాన్ని వాడిన మనుషుల సంబంధాలు మారాయి. మన అభ్యుదయ కవుల చివరి చరణంలో కోయపిల్ల గజ్జెలు డోలుగా మారడానికి మూలం ఇక్కడుంది. అయితే నాజర్ కట్టింది తన కాలికి. మన కవులు ఇంకొకరి కాలికి కట్టి, తమ చప్పుడు తాము వింటున్నారు.

అడవి అంచున

ఇక అసలు చోటికి వద్దాం. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం మీదుగా దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం దాకా పోయే ఈ ప్రాంతం పాలనలో చాలాసార్లు చేతులు మారింది. 1959 దాకా భద్రాచలం తూర్పుగోదావరిలో ఉండేది. 2014లో పోలవరం కోసం కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 2016లో మిగిలినదాంట్లోంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. ఇన్ని గీతలు మారినా కోయ స్త్రీకి భూమితో ఉన్న సంబంధం పెద్దగా మారలేదు. భూమి మీద చాకిరీ ఆమెది, పట్టా మగవాడిది.

చట్టాలు లేకపోలేదు. గిరిజనుల భూమి బయటివాళ్ళ పరం కాకుండా 1959 భూబదలాయింపు నిబంధన వచ్చింది. 1970 సవరణతో, అంటే మనం వన్ ఆఫ్ సెవంటీ అనే దానితో, అది గట్టిపడింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో వడ్డీవ్యాపారాన్ని కట్టడి చెయ్యడానికి 1960లో ఇంకొక నిబంధన వచ్చింది. ఇవి గిరిజనుడి భూమిని బయటివాడినుంచి కాపాడటానికి వచ్చినవి. ఇంట్లో ఆ భూమి ఆడదానిది కూడా అవునా అన్న ప్రశ్న వీటికి తట్టలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూలు తెగలకు వర్తించదని అందులోనే ఉంది. అందువల్ల 1986లో ఆంధ్రప్రదేశ్ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చినప్పుడూ, 2005లో కేంద్రం ఇచ్చినప్పుడూ ఆ వాటా కోయ ఆడపిల్ల గుమ్మం దాకా రాలేదు. 2006 అటవీహక్కుల చట్టం మాత్రం పెళ్ళయినవాళ్ళకు పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేర ఇవ్వాలంది. 2025లో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, ఆచారం అడ్డమని రుజువు కానప్పుడు గిరిజన స్త్రీ వారసులకు వాటా నిరాకరించడం సమానత్వానికి విరుద్ధమంది. దారి ఇప్పుడిప్పుడే తెరుచుకుంటోంది.

ఈ నేపథ్యంలో ఆమె కాలి వెండిని చూడండి. భూమి ఆమెది కాదు, ఇల్లు ఆమెది కాదు, ఎద్దులు ఆమెవి కావు. ఆమెదని అందరూ ఒప్పుకునేది ఒంటిమీది వెండి. ఎండాకాలంలో తునికాకు కోతకు తెల్లవారకముందే అడవికి పోయి, యాభై ఆకులకో కట్ట చొప్పున కట్టి కల్లంలో అప్పజెప్పి, ఇప్పపువ్వు ఏరి, మిరపకాయలు తెంపి, చేతిలో నాలుగు డబ్బులు పడ్డప్పుడు సంతలో ఆమె కొనేది వెండి. వానలు పడ్డాక విత్తనాలకో, పిల్లవాడి జ్వరానికో, తిండిగింజలకో ఆ వెండి షావుకారి దగ్గరికి పోతుంది. పంట వచ్చాక తిరిగి వస్తే వస్తుంది. చర్ల వైపు సంతల్లో నేను మాట్లాడిన కోయ స్త్రీలు తమ కాలి కడియాన్ని అందచందాల లెక్కన చెప్పలేదు. ఇన్ని తులాలు, ఫలానా ఏడు కొన్నది, ఫలానా ఏడు కుదువపెట్టి విడిపించింది అని చెప్పారు. వయసు మళ్ళిన ఒకామె, మిగతావన్నీ ఇంటివాళ్ళవి, ఇదొక్కటే తనదని చెప్పి పని చూసుకుంది.

షావుకారి లెక్క కూడా తెలుసుకోవాలి. కొనేటప్పుడు వెండి ధరమీద మజూరీ కడతారు. అమ్మేటప్పుడు, కుదువపెట్టేటప్పుడు మజూరీ ఎగిరిపోతుంది, తరుగు తీస్తారు. బోలు నగలో లక్క నింపి ఉంటే దాని బరువు తీసేస్తారు. కొన్ననాడు ఆ లక్క వెండి ధరకే తూగి ఉండవచ్చు. నెలవడ్డీ దానిమీద. గడువు దాటితే నగ కరిగి ముద్దవుతుంది. పాత కడియం ఆకారం అలాగే పోయింది. దాని బదులు సంతలోకి వచ్చింది సేలం వంటి చోట్ల తయారైన పలచని పట్టీలు. అదీ కొనలేనివాళ్ళకు జర్మన్ సిల్వర్. దాంట్లో రాగి, నికెలు, జింకు తప్ప వెండి రవ్వంత కూడా ఉండదు. అది కాలికి మెరుస్తుంది గాని కష్టకాలంలో కుదువకు పనికిరాదు. 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటిపోయాక ఆ పలచని పట్టీ కూడా దూరమవుతోంది. గిరిజన స్త్రీల అభిరుచి మారిందనీ, నాజూకు నగలమీద మోజు పెరిగిందనీ రాసేవాళ్ళు ఈ లెక్క చూడాలి. మోజు లేదని నేననను. కాని అభిరుచి చరిత్రలో సగం అప్పు చరిత్రే.

లంబాడీ స్త్రీల బరువు నగలమీద మన కథకులకు మహా ముచ్చట. ఎద్దులమీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగిన జాతి అది. ఇల్లూ పొలమూ లేని సంచారజీవితంలో ఆస్తిని ఒంటిమీదే మోసుకుపోవాలి. 2005 తరవాత సల్వాజుడుం హింసకు ఊళ్ళు విడిచి బస్తరు నుంచి ఇటు వచ్చిన గుత్తికోయలకు కూడా అదే పాఠం. కొంప తగలబడితే భూమిని వెంట తెచ్చుకోలేరు, ఒంటిమీద ఉన్నది తెచ్చుకోగలరు. పునరావాస పరిహారాలు పట్టా ఉన్నవాడి పేర వస్తాయి. పట్టా లేని ఆడదానికి కాలి కడియమే పట్టా.

సంకెల అన్నవాళ్ళకు

ఇక రెండో ధోరణి. ఒక సాహిత్యసభలో ఒక యువకవి, కాలి కడియాన్ని సంకెలతో పోల్చి, తెంచుకుని రమ్మని గిరిజన స్త్రీని పిలుస్తూ కవిత చదివాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. అతని నిజాయితీని నేను శంకించను. శృంగారపు ఘల్లుఘల్లుల కంటే ఈ కోపం మేలైనదే. కాని ఇది కూడా ఆ కాలిని చూడకుండా రాసిందే. మధ్యతరగతి ఇంటి కోడలి అందె గురించి సరిపోయే మాటను, ఆస్తి లేని స్త్రీ ఏకైక ఆస్తికి అంటించడం యాంత్రికత. తెంచి పారెయ్యమంటున్నావు, సరే. ఆ తెంచిన వెండి ఎవరి దోసిట్లో పడుతుంది? అప్పటికే షావుకారి దగ్గరున్న కడియాన్ని ఆమె ఏం తెంచుకుంటుంది? ఆమె కోరుతున్నది దాన్ని వదిలించుకోవడం కాదు, విడిపించుకోవడం.

ఈ మాట అన్నంత మాత్రాన నేను నగల పక్షం వకాల్తా పుచ్చుకున్నట్టు కాదు. వెండిలో దాచుకోవడం గతిలేనివాళ్ళ దాపు. అది పెరగదు, తరుగుతుంది. దొంగకూ, తాగుబోతు మగడికీ, వడ్డీకీ లోకువ. భూమిలో వాటా, చేసిన పనికి సరైన కూలీ, ఆకు కట్టకు సరైన ధర, అవసరానికి దోపిడీ లేని అప్పు ఉన్ననాడు కాలి కడియం కేవలం నగ అవుతుంది. అప్పుడు పెట్టుకుంటుందో, తీసేస్తుందో ఆమె ఇష్టం. ఇవాళ చదువుకుని ఉద్యోగానికి పోతున్న కోయ యువతులు కొందరు పట్టీలు మానేశారు, కొందరు మానలేదు. వాళ్ళలో ఎవరు ముందుకు పోయారో కాళ్ళు చూసి తీర్పు చెప్పే హక్కు ఏ కవికీ లేదు.

రచయిత చెయ్యవలసింది

వస్తువును తెలిసి రాయమని అభ్యుదయ సాహిత్యం మొదటినుంచీ చెబుతోంది. తెలియడమంటే ఒక వారం అడవిలో తిరిగి పువ్వులపేర్లు నాలుగు రాసుకురావడం కాదు. ఒక నగ చేతులు మారే దారి తెలియాలి. కొన్న సంత, కట్టిన మజూరీ, పెట్టిన కుదువ, తీసిన తరుగు, కరిగించిన కుంపటి. ఈ దారి వెంట నడిస్తే ఒక కథ కాదు, ఒక నవలే దొరుకుతుంది. దాంట్లో తునికాకు కాంట్రాక్టరు ఉంటాడు, షావుకారు ఉంటాడు, పట్టా పుస్తకంలో పేరు రాసే ఉద్యోగి ఉంటాడు, ఇంటి మగవాడూ ఉంటాడు. చివరిపేరు మనవాళ్ళు తరచు వదిలేస్తారు. దోపిడీ ఎప్పుడూ బయటినుంచే వచ్చినట్టు చూపిస్తే కథ సులువవుతుంది గాని సత్యం సగమే అవుతుంది. పెళ్ళాం కడియం ఆమెకు చెప్పకుండా కుదువపెట్టే మగవాడు ఏ వర్గంలోనైనా ఉన్నాడు. అతన్ని చూపించడానికి జంకే రచయిత గిరిజనుల మీద గౌరవంతో జంకుతున్నాననుకుంటాడు. నిజానికి గిరిజన స్త్రీకి అన్యాయం చేస్తున్నాడు.

ఇది ఇప్పుడే అడగవలసిన ప్రశ్న. పోడు పట్టాల్లో భార్య పేరు రాస్తున్నారా, రాసినా ఆ కాగితం ఎవరి పెట్టెలో ఉంటోంది, వారసత్వంలో కూతురికి వాటా ఉందన్న మాట గూడెం దాకా చేరిందా అన్నవి ఈ అడవి అంచున ఇవాళ నలుగుతున్న సంగతులు. వీటిమీద కవిత రాయడం కష్టమని నాకూ తెలుసు. ఘల్లుఘల్లు మీద రాయడం తేలిక. కష్టమైన పని మన రచయితలు చెయ్యకపోతే, తేలికైన పని సినిమాలు మనకంటే బాగా చేసిపెడతాయి.